ప్రయాణ వాహనముల యోగ్యతా పరీక్ష: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

గ్రామములో పెండ్లి కుదిరినచో బంధువుల తరలింపునకు బస్సు మాట్లాడుదుము. మేడారము జాతరకో, తిరుపతి యాత్రకో మినీబస్సు మాట్లాడుదుము. ప్రసవమునకు, అత్యవసరమునకు టాక్సీ పిలుతుము. కిరాయి ఎంత, డీజిలు ఎవరిది, డ్రైవరు బత్తా ఎవరియ్యవలెను అను మూడు ప్రశ్నలను తప్పక అడుగుదుము. నాల్గవ ప్రశ్న యొకటి కలదు. "ఈ బండికి ఫిట్‌నెస్ కాగితము ఏ తేదీ వరకున్నది?" అనునదియే ఆ ప్రశ్న. దానిని అడుగువారు అరుదు. ఈ వ్యాసము వ్రాయుచున్న నేనును ఒకనాడు దానిని అడుగనివాడనే. ఆ సంగతి ముందుగా చెప్పి పిదప పాఠములోనికి పోవుదును.

కొన్ని నెలల క్రిందట వరంగల్ రోడ్డు మీది ఒక గ్రామము నుండి సర్పంచి, వార్డు సభ్యులు, స్వయంసహాయక సంఘముల స్త్రీలు కొందరు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమును చూడవచ్చిరి. వారి రాకపోకల ఏర్పాటు నా బాధ్యత. తెలిసినవారి ద్వారా ఒక మినీబస్సును మాట్లాడితిని. బండి పైకి చక్కగా ఉన్నది. కొత్త రంగు, కిటికీలకు తెరలు, ముందు అద్దమునకు పూలదండ. అందరును ఆర్ట్స్ కళాశాల మెట్ల మీద కూర్చుండి ఫొటో తీయించుకొనిరి. 1918లో స్థాపింపబడిన ఈ విశ్వవిద్యాలయమునకు ఆ రాతి భవనము 1939లో ప్రారంభమైనదని నేను చెప్పగా శ్రద్ధగా వినిరి. తిరుగు ప్రయాణములో తార్నాక దాటి కొంచెము దూరము పోగానే రవాణా శాఖ తనిఖీ బృందము బండిని ఆపినది.

ఇన్‌స్పెక్టరు కాగితములు చూచెను. యోగ్యతా పత్రము గడువు ముగిసి మూడు నెలలు దాటినది. అందు వ్రాసిన సీట్లు 20, బండిలోనున్న వారు 27 మంది. ఆయన క్రిందికి వంగి వెనుక చక్రముల లోపలి టైరును వేలితో తడిమి, మమ్ములను కూడ తడిమి చూడుమనెను. గాడులు అరిగి టైరు నున్నగా నున్నది. బయటి టైరు మాత్రము కొత్తది. చూచువారికి కనబడునది అదియే గదా. ప్రయాణికులందరును దిగిరి. ఎండలో, రోడ్డు ప్రక్కన, మూటలతో నిలిచిరి. అప్పుడు వృద్ధుడైన ఒక వార్డు సభ్యుడు నన్ను మెల్లగా అడిగెను: "సారూ, మీరు ఈ బండి మాట్లాడినప్పుడు ఆ కాగితం అడిగిండ్రా?"

అడుగలేదని చెప్పితిని. చెప్పుటకు సిగ్గుపడితిని, ఇపుడు వ్రాయుటకును సిగ్గుపడుచున్నాను. ఆయన నన్ను మరేమియు అనలేదు. సర్పంచమ్మ మాత్రము, "మరి మా ఊరి బడిపిల్లలు పోయే బండికి ఈ కాగితం ఉన్నదో లేదో ఎవరు చూడాలె సార్?" అని అడిగినది. వారందరును ఆర్టీసీ బస్సులో ఇల్లు చేరిరి. ఆమె ప్రశ్నకు ఆనాడు నేను నిలుకడగా జవాబు చెప్పలేకపోతిని. ఈ వ్యాసము ఆ జవాబునకై చేసిన ప్రయత్నము.

తార్నాక అను పేరునకు ఒక కథ చెప్పుదురు. పూర్వమిచట తోట యొకటి యుండెడిదనియు, దాని చుట్టును ముండ్లతీగ కట్టి కాపలా నాకా పెట్టిరనియు, 'తార్' అనగా తీగ, 'నాకా' అనగా తనిఖీ చోటు గనుక తార్నాక అయినదనియు పెద్దలందురు. నేడిచట తోటయు లేదు, తీగయు లేదు. కాని వాహనముల తరగతులను కన్నులార చూచి నేర్చుకొనుటకు ఇంతకంటె మంచి చోటు దొరకదు. పడమట మెట్టుగూడ, సికిందరాబాదు, తూర్పున హబ్సిగూడ, ఉప్పల్, ఆపై వరంగల్, దక్షిణమున విశ్వవిద్యాలయము, ఉత్తరమున లాలాపేట. సమీపముననే ఆర్టీసీ ఉద్యోగుల ఆసుపత్రి. ఉదయము ఎనిమిది గంటలకు అచట నిలిచినచో అరగంటలో చట్టమునందలి తరగతులన్నియు మన ముందు నుండి పోవును.

మొదట నంబరు పలకను చూడవలెను. పసుపు పలక మీద నల్ల అక్షరములున్నచో అది కిరాయికి లేక సరుకుల రవాణాకు అనుమతి పొందిన బండి. తెల్లని పలక మీద నల్ల అక్షరములున్నచో అది సొంత వాడుక బండి. విద్యుత్తు బండ్లకు పలక ఆకుపచ్చ. అందులో కిరాయి బండ్లకు పసుపు అక్షరములు, సొంత బండ్లకు తెల్ల అక్షరములు. పల్లెలలో తెల్లపలక కారును టాక్సీగా నడుపుట మామూలైనది. మనవాడే కదా, తక్కువకు వచ్చును గదా అనుకొందుము. సొంత కారునకు రిజిస్ట్రేషను 15 ఏండ్ల వరకు చెల్లును; అంతవరకు దానికి యోగ్యతా పరీక్ష లేదు. కిరాయి బండిని మాత్రము గడువు ప్రకారము పరీక్షకు తీసికొనిపోవలెను. రోజుకు మూడు నాలుగు వందల కిలోమీటర్లు కిరాయికి తిరుగు తెల్లపలక కారు పదునాలుగేండ్లయినను ఏ ఇన్‌స్పెక్టరు ముందును నిలువకుండ తిరుగవచ్చునన్నమాట. తక్కువ కిరాయి వెనుకనున్న లెక్క ఇది.

తరువాత సీట్ల లెక్క. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము డ్రైవరు గాక ఆరుగురు లేక అంతకు తక్కువ మంది ప్రయాణికులను కిరాయికి చేరవేయునది మోటారు క్యాబు. మనము టాక్సీ అనునది ఇదియే. ఆరుగురికి మించి పన్నెండుగురి వరకు చేరవేయునది మ్యాక్సీ క్యాబు. పల్లెలలో జీపు, క్రూజరు అని పిలువబడు బండ్లు పెక్కు ఈ తరగతిలోనివి. మినీబస్సు అను మాట ఈ చట్టము నిర్వచనములలో లేదు. అది జనుల మాట. కాని బస్సు బాడీ నిర్మాణమునకు సంబంధించిన ప్రమాణములలో, డ్రైవరు గాక 13 మొదలు 22 సీట్ల వరకు గలవి మినీ అనియు, 23 మొదలు 34 వరకు గలవి మిడీ అనియు, 35 మొదలు 70 వరకు గలవి సాధారణ బస్సులనియు విభజించిరి.

ఇది గాక ఇంకొక కొలబద్ద కూడ కలదు. వాహనపు నిర్మాణమును, బరువును బట్టి ప్రయాణ వాహనములను 'ఎం' వర్గమున చేర్చి మూడుగా విభజించిరి. డ్రైవరు గాక ఎనిమిది సీట్ల వరకు ఎం-1. తొమ్మిది గాని అంతకు మించి గాని సీట్లుండి, నిండు బరువు 5 టన్నులకు మించనిది ఎం-2. సీట్లు తొమ్మిదికి తక్కువ గాకుండ, నిండు బరువు 5 టన్నులు దాటినది ఎం-3. ఈ రెండు కొలబద్దలును అన్నిచోట్ల అతుకవు. ఏడుగురు కూర్చుండు కిరాయి బండి పర్మిట్టు లెక్కలో మ్యాక్సీ క్యాబు, నిర్మాణపు లెక్కలో ఎం-1. ఈ రెంటిని కలిపి చదివి గందరగోళ పడువారు పట్టణములందును కలరు; గ్రామ సభ్యులు చింతింప నక్కరలేదు. బండి పత్రము మీద సీట్ల సంఖ్య స్పష్టముగా అంకెలలో వ్రాసియుండును. మనకు కావలసినది అదియే.

పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, డీలక్స్ అను ఆర్టీసీ పేర్లు చార్జీని, ఆగు చోట్లను తెలుపునవి. అవి యోగ్యతా తరగతులు కావు. పల్లెవెలుగు బస్సు బ్రేకులకు ఒక పరీక్ష, డీలక్స్ బ్రేకులకు మరొక పరీక్ష అనునది లేదు. ఆర్టీసీ బస్సయినను, ప్రైవేటు బస్సయినను యోగ్యతా పత్రము లేనిదే రోడ్డు మీదికి రారాదు. హైదరాబాదు రాజ్యములో 1932 జూన్‌లో నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా విభాగము 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభమైన సంస్థయే క్రమముగా మారి నేటి తెలంగాణ ఆర్టీసీ అయినది. ఆర్టీసీ బస్సు నంబరులో కనబడు 'జడ్' అక్షరము నిజాము తల్లి జెహ్రా బేగము పేరున వచ్చినదని ఒక ప్రతీతి. తార్నాకలో నిలిచినప్పుడు దానిని కూడ గమనింపుడు.

ఇక పరీక్ష సంగతి. చట్టములోని 56వ సెక్షను ఈ వ్యవహారమునకు మూలము. రవాణా వాహనమునకు యోగ్యతా పత్రము లేనిచో దాని రిజిస్ట్రేషను చెల్లుబాటు కానట్లే యని ఆ సెక్షను చెప్పుచున్నది. ఇది చిన్న మాట కాదు. కాగితము గడువు ముగిసిన మరునాడే ఆ బండి, చట్టము దృష్టిలో, నంబరు లేని బండితో సమానము. అట్టి బండిని నడిపినచో మొదటిసారి 2,000 రూపాయలకు తగ్గకుండ 5,000 వరకు జరిమానా. మరల పట్టుబడినచో 5,000కు తగ్గకుండ 10,000 వరకు జరిమానా, లేక ఏడాది వరకు జైలు. గడువు మిగిలియున్నను బండి ప్రమాణములకు తగినట్లు లేదని తోచినచో అధికారి కారణములు వ్రాసి పత్రమును రద్దు చేయవచ్చును. అంతట రిజిస్ట్రేషను, పర్మిట్టు రెండును నిలిచిపోవును. యజమానికి అన్యాయము జరిగినదని తోచినచో 30 దినములలో అప్పీలు చేసికొను హక్కు కలదు.

గడువుల లెక్క సులభము. కొత్త రవాణా వాహనమునకు మొదటి రెండేండ్లు యోగ్యత ఉన్నట్లే భావింతురు. పిదప, 2018 నవంబరులో సవరింపబడిన నియమము ప్రకారము, బండికి ఎనిమిదేండ్లు నిండు వరకు రెండేండ్లకొకసారి, ఎనిమిదేండ్లు దాటిన పిదప ఏటేట పరీక్ష. 2016లో రిజిస్టరయిన మినీబస్సు 2024తో ఎనిమిదేండ్లు దాటినది. ఆ యజమాని "రెండేండ్ల కాగితం ఉన్నది సార్" అని చెప్పినచో తేదీని రెండుమారులు చూడుడు. బస్సునకు, మినీబస్సునకు, టాక్సీకి ఈ గడువులు ఒక్కటియే. ఇంగ్లాండులో సొంత కారునకు మూడవ ఏడు నిండినది మొదలు ఏటేట పరీక్ష కలదు. టాక్సీకి మొదటి ఏడు నిండినది మొదలే కలదు. కిరాయి బండి ఎక్కువ తిరుగును గనుక దానిని త్వరగా, తరచుగా చూడవలెనను న్యాయము ఇతర దేశములలోను కలదు.

ఇన్‌స్పెక్టరు ఏమి చూచును? హెడ్‌లైట్ల వెలుగు ఎదుటి వాని కండ్లలో పడునా, రోడ్డు మీద పడునా? వెనుక లైట్లు, సూచిక దీపములు, తళుకు పట్టీలు ఉన్నవా? ప్రక్క అద్దములు, అద్దము తుడుచు వైపరు, హారను, స్పీడు మీటరు పనిచేయుచున్నవా? పొగ మితిమీరుచున్నదా? ఇవి చూచుటకు నిమిషముల పని. బ్రేకులు, స్టీరింగు, టైర్లు ఈ మూడింటి వద్ద మాత్రము మనము కొంచెము ఆగి ఆలోచింపవలెను.

బ్రేకు వేసినప్పుడు బండి ఆగుట ఒక్కటియే చాలదు. కుడి చక్రము, ఎడమ చక్రము సమానమైన బలముతో ఆగవలెను. ఒక ప్రక్క బ్రేకు గట్టిగను, మరొక ప్రక్క వదులుగను ఉన్నచో, మెల్లగా పోవునప్పుడు డ్రైవరుకు అది తెలియదు. వాన కురిసిన రోడ్డు మీద, వేగముగా పోవుచు, ఎదుట గేదె అడ్డము వచ్చినప్పుడు ఒక్కసారి తొక్కినచో బండి గట్టిగా పట్టిన ప్రక్కకు గిరుక్కున తిరుగును. నాగలికి కట్టిన జోడెద్దులలో ఒకటి ఆగి ఒకటి నడిచినచో ఏమగునో రైతులకు నేను చెప్పనక్కరలేదు. చేతి పరీక్షలో ఈ తేడా ఒక్కొక్కప్పుడు దొరకక పోవచ్చును. అందుచేతనే యంత్ర పరీక్షా కేంద్రములలో చక్రములను తిరుగు రోలర్ల మీద నిలిపి, బ్రేకు వేయించి, ఏ చక్రము ఎంత బలముతో ఆగినదో విడివిడిగా కొలుతురు. ముందు చక్రములు సూటిగా ఉన్నవో లేవో తెలిసికొనుటకు బండిని ఒక పలక మీదుగా నడుపుదురు; చక్రము వంకరగా నున్నచో పలక ప్రక్కకు జరుగును. ఇట్టి స్వయంచాలిత కేంద్రముల గుర్తింపునకు కేంద్ర ప్రభుత్వము 2021లో నియమములు చేసినది. మనిషి కన్నునకు మొగమోటము ఉండవచ్చును, రోలరుకు ఉండదు. కాని యంత్రము ముందునకు బండిని కొనిపోవలసినవాడు మనిషియే.

టైరు గాడి లోతు బస్సులకు, కార్లకు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని నియమము. అది ఇంచుమించు రూపాయి బిళ్ల మందము. కొలబద్ద లేకున్నను తెలిసికొను మార్గము కలదు. టైరు గాడుల అడుగున అచ్చటచ్చట చిన్న గట్టు లుండును. టైరు అరిగి ఆ గట్టుతో సమమైనచో దాని ఆయుష్షు తీరినట్లే. వెనుక చక్రములు జంటగా నున్న బండ్లలో లోపలి టైరును విధిగా చూడవలెను. ఈ మాట నేను పుస్తకములో చదివి వ్రాయుట లేదు. హబ్సిగూడ వైపు రోడ్డు ప్రక్కన నా వేలితో తడిమి నేర్చుకొన్నది.

సీట్ల సంఖ్య కూడ యోగ్యతలో భాగమే. బ్రేకులు, స్ప్రింగులు, టైర్లు ఎంత బరువునకు తగునో ఆ బరువునకే పరీక్ష జరుగును. 20 మందికి నెగ్గిన బండి 35 మందితో పోవునప్పుడు అది పరీక్షలో నెగ్గిన బండి కాదు, వేరొక బండి. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటు రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయిన సంగతిని తెలంగాణ పల్లెలు మరువలేవు. ఆ బస్సులో నూరుమందికి పైగా ఉండిరని అప్పుడు వార్తలు వచ్చినవి. చనిపోయిన వారిలో పెక్కుమంది చుట్టుపట్ల గ్రామముల వారే. బస్సు దొరకుట అరుదైన చోట జనము క్రిక్కిరిసి ఎక్కుదురు; వారిని తప్పు పట్టుట సులభము, మరొక బస్సు వేయించుట కష్టము. ఆ రద్దీని గూర్చి డిపో మేనేజరునకు పంచాయతీ తీర్మానము వ్రాసి పంపుట మాత్రము మన చేతిలోని పని.

పెద్ద బస్సులలో అత్యవసర ద్వారమును గూర్చి ఒక మాట. 2013 అక్టోబరు 30న బెంగుళూరు నుండి హైదరాబాదు వచ్చుచున్న బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెము వద్ద కల్వర్టును ఢీకొని మంటలు చెలరేగి 45 మంది మరణించిరి. రాత్రి ప్రయాణపు బస్సును మాట్లాడునప్పుడు అత్యవసర ద్వారము తెరచి చూపుమని అడుగవలెను. దాని ముందు అదనపు సీటు బిగించుట, మూటలు పేర్చుట కొన్ని బండ్లలో చూచితిని. అద్దము పగులగొట్టు సుత్తి, మంటలార్పు సిలిండరు, ప్రథమ చికిత్స పెట్టె ఎచట నున్నవో బయలుదేరక ముందే ప్రయాణికులకు చూపించుట మంచిది. సిలిండరుకు కూడ గడువు తేదీ యుండును.

బడి బస్సు సంగతి వేరుగా చెప్పవలసియున్నది. చట్టము విద్యాసంస్థ బస్సును ప్రత్యేకముగా పేర్కొని, రవాణా వాహనములలో చేర్చినది. తెలంగాణలో బడి బస్సుల యోగ్యతా పత్రముల గడువు మే నెల నడుమ ముగియునట్లు ఏర్పాటు కలదు. వేసవి సెలవులలో మరమ్మతులు చేయించి, జూన్‌లో బడి తెరచునాటికి పరీక్షలో నెగ్గియుండవలెనని దాని ఉద్దేశము. పంచాయతీ సభ్యులు జూన్ మొదటి వారములో అడుగవలసిన ప్రశ్న అందుచేతనే సులభము: "ఈ ఏడాది కాగితము వచ్చినదా?" చిక్కంతయు బడి పేరు లేని బండ్లతోనే వచ్చును. నలుగురు తల్లిదండ్రులు కలిసి మాట్లాడుకొన్న ఆటో, పాత వ్యాను, తెల్లపలక జీపు, ఇవి ఏ బడి లెక్కలోను ఉండవు. ఆటోకును యోగ్యతా పత్రము విధిగా ఉండవలెనని కొందరికి తెలియనే తెలియదు.

పల్లె ప్రగతి క్రింద తెలంగాణలోని గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూరినవి. చెత్త తరలించుటకు, చెట్లకు నీరు పోయుటకు అవి వచ్చినవి. ట్రాలీలో మనుషులను, కూలీలను, జాతర జనమును ఎక్కించుటకు వాటిని ఎవరును పరీక్షింపలేదు, పరీక్షించుటకు వీలును లేదు. సరుకుల బండిలో ప్రయాణికులను ఎక్కించుట చట్టవిరుద్ధము. పంచాయతీ బండి పల్టీ కొట్టినచో పరిహారపు భారము ఎవరి మీద పడునో సభ్యులు ముందుగానే ఆలోచింపవలెను. మన ట్రాక్టరు కాగితముల తేదీలు కార్యదర్శి వద్ద గోడ మీద వ్రాసియుండుట పరులను ప్రశ్నించుటకు మనకు అర్హత నిచ్చును.

బీమా మాట కూడ ఇక్కడనే చెప్పెదను. మూడవ పక్షపు బీమా ప్రతి బండికిని విధి. కాని బీమా కాగితము ఉన్నంత మాత్రమున యజమాని నిశ్చింతగా ఉండరాదు. పర్మిట్టు లేకుండ రవాణా బండిని నడుపుట బీమా షరతుల మూలమునకే భంగమని సుప్రీంకోర్టు 2018లో తీర్పునిచ్చినది. అట్టి తగాదాలలో బాధితులకు బీమా సంస్థ ముందు చెల్లించి, పిదప ఆ సొమ్మును యజమాని నుండి రాబట్టుకొనుటకు ఉత్తరువులు వెలువడుచున్నవి. యోగ్యతా పత్రము లేని బండి విషయములోను బీమా సంస్థలు ఇదే వాదన ఎత్తుచున్నవి. ఒక్క బండితో బ్రతుకు యజమాని పొలము అమ్మినను తీరని అప్పు అది. గ్రామములోని బండి యజమానులు మనవారే. పరీక్షకు పొమ్మని చెప్పుట వారికి కీడు చేయుట కాదు.

ఇక సర్పంచమ్మ అడిగిన ప్రశ్నకు వత్తును. బండిని రోడ్డు మీద ఆపి కాగితములు తనిఖీ చేయు అధికారము పంచాయతీకి లేదు. ఆ అధికారము యూనిఫారములోనున్న పోలీసు అధికారికి, రవాణా శాఖ అధికారులకు కలదు. కర్రలు అడ్డుపెట్టి బండ్లను ఆపుటకు ఎవరును పూనుకొనరాదు. కాని కిరాయి ఇచ్చువానికి కాగితము అడుగు హక్కు ఎప్పుడును ఉన్నది. కాగితము చేతిలో లేకున్నను డిజిలాకరు ద్వారా ఫోనులో చూపినచో అదియు చెల్లును. నంబరు, తేదీ, సీట్లు ఈ మూడింటిని ఒక చీటీ మీద వ్రాసికొని బయానా ఇయ్యవలెను. అనుమానము కలిగినచో జిల్లా రవాణా అధికారికి బండి నంబరుతో ఉత్తరము వ్రాయవచ్చును. గ్రామసభలో తల్లిదండ్రులను కూర్చుండబెట్టి బడిపిల్లల బండ్ల యజమానులను పిలిపించి మాట్లాడవచ్చును. పిలిచినది బెదిరించుటకు గాక తేదీలు తెలిసికొనుటకని మొదటనే చెప్పినచో వారును వత్తురు. పరీక్ష ఖర్చు, మరమ్మతు ఖర్చు ఒక్కసారి భరింపలేని ఆటోవానికి తల్లిదండ్రులు నెల కిరాయి ముందుగా ఇచ్చినచో పని జరుగును. ఇట్లు చేసిన గ్రామములను నేనెరుగుదును.

ఈ వ్యాసము ముగించుచుండగా ఆ సర్పంచమ్మ ఫోను చేసినది. పంచాయతీ కార్యాలయపు నల్లబల్ల మీద బడిపిల్లలను చేరవేయు బండ్లన్నిటికి గడులు గీయించినదట. ఒక్కొక్క గడిలో నంబరు, సీట్లు, కాగితము ముగియు తేదీ. అయిదు గడులు నిండినవి. ఆరవ గడిలో నంబరు ఉన్నది, తేదీ లేదు. కాగితము రేపు తెచ్చెదనని ఆ వ్యాను యజమాని చెప్పి వారము దినములైనదట. అంతవరకు ఆ బండి పిల్లలు పొద్దున ఏడున్నర పల్లెవెలుగులో బడికి పోవుచున్నారు. వార్డు సభ్యులు వంతుల వారీగా బస్టాపు వద్ద నిలిచి వారిని ఎక్కించుచున్నారట. నన్ను ఆనాడు ప్రశ్నించిన పెద్దాయనది సోమవారము వంతు.